పత్రి వేట

వినాయక చవితి ముందురోజు సాయంత్రం మా వైపు ఊళ్ళలో పిల్లలు ఇళ్ళలో నిలిచేవాళ్ళు కాదు. చేతికి కొడవలి దొరికినవాడు నాయకుడు, గోనెసంచి మోసేవాడు బంటు. వ్రతకల్పం పుస్తకంలో ఇరవై ఒక్క పత్రాల పేర్లున్నాయి: మాచి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంతం, దానిమ్మ, దేవదారు, మరువం, వావిలి, జాజి, గండకి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు. గండకి అంటే ఏ మొక్కో ఇంటికొక మాట చెప్పేవారు. దేవదారు హిమాలయాల చెట్టు, గుండ్లకమ్మ ఒడ్డున మాకెలా దొరుకుతుంది? బడి ప్రహరీ వెంట పెరిగిన నారమామిడి రెమ్మ తుంచి అదే దేవదారన్నాం. దేవుడు అభ్యంతరం చెప్పలేదు.

నేను ప్రభుత్వ బడుల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ జాబితాను భక్తుడిగా కాక మేష్టారుగా చదివితే నాకు ఊరి పటం కనిపిస్తుంది. తులసి, మరువం, జాజి, దానిమ్మ పెరట్లోవి. ఉత్తరేణి, వాకుడు కంచెల వార. గరిక పొలం గట్టు మీద. ఉమ్మెత్త, జిల్లేడు దిబ్బల దగ్గర, బంజరులో. జమ్మికి మెట్టచేలలోకి పోవాలి, రేగుకు ముళ్ళ పొదల్లో దూరాలి. వావిలి, మద్ది వాగు ఒడ్డున తప్ప దొరకవు. మారేడు గుడి దగ్గర లేకపోతే నల్లమల వైపు నుంచి వచ్చే బండివాళ్ళను బతిమాలుకోవాల్సిందే. ఈ పత్రాలన్నీ కూడాలంటే ఎనిమిదేళ్ళ పిల్లాడు కూడా పెరడు, గట్టు, బంజరు, మెట్ట, వాగు తిరిగి రావాలి. భాద్రపదమంటే వానలు పడి మొలకలన్నీ ఆకు తొడిగే కాలం, అందుకే వేట ఫలించేది. మన పూర్వీకులు పర్యావరణ పాఠంగా ఈ జాబితా రాశారని నేను అనను. అలాంటి మాటలు వినడానికి బాగుంటాయి గాని ఆధారం ఉండదు. ఎందుకు రాశారో గాని, పని మాత్రం పాఠంలాగే చేసింది.

వెంట వచ్చే పెద్ద పిల్లలే గురువులు. ఉమ్మెత్త కాయ తెంపితే చేతులు కడుక్కోమనేవారు, గన్నేరు పాలు కంట్లో పడకుండా చూసుకోమనేవారు. ఉత్తరేణి వేరుతో పళ్ళు తోముకోవచ్చని చూపించేవారు. జమ్మి కొమ్మ విరిస్తే మాత్రం వీపు విమానం మోతే. పూజకు చిగురు చాలు, చెట్టు పై ఏడాదికీ కావాలి.

ఇక మట్టి. చవితి నాటికి చెరువులో నీళ్ళు చేరితే బంకమట్టి తవ్వడం కుదరదు. అందుకే కుమ్మరి వేసవిలోనే చెరువు ఎండినప్పుడు మట్టి తోలి పెట్టుకునేవాడు. అదే నెలల్లో రైతులు పూడికమట్టిని చేలకు తోలుకునేవారు. చెక్క అచ్చులో తీసిన జానెడు బొమ్మకు గురివింద గింజలు కళ్ళు. నిమజ్జనమంటే చెరువు మట్టి చెరువుకు చేరడమే.

వీధి పందిళ్ళ చరిత్ర వేరు. పుణెలో 1893లో తిలక్ సార్వజనిక ఉత్సవానికి ఊపు తెచ్చారు. హైదరాబాదు ఖైరతాబాదులో 1954లో సింగరి శంకరయ్య పెట్టిన విగ్రహం ఒక్క అడుగే. తర్వాత అది ఏటా ఎదిగింది. బొమ్మ ఎదిగేకొద్దీ మట్టి బరువెక్కువై, ఆరే సమయం చాలక ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వచ్చింది. జిప్సాన్ని సుమారు 150 డిగ్రీల దగ్గర కాలిస్తే అందులోని నీరు చాలావరకు పోయి పొడవుతుంది. నీళ్ళు కలిపితే ఆ పొడి తిరిగి జిప్సమై బిగుసుకుంటుంది. చవగ్గా, తేలిగ్గా, నునుపుగా ఉంటుంది, ఒక్కటే చిక్కు: పచ్చిమట్టిలా నీళ్ళలో తొందరగా కరగదు. పైన పూసిన రంగుల్లోని లోహాలు సరేసరి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జనానికి మార్గదర్శకాలిచ్చింది, 2020లో వాటిని సవరించి ప్లాస్టర్ విగ్రహాలు వద్దంది. ఖైరతాబాదులో 2022లో తొలిసారి 50 అడుగుల మట్టి విగ్రహం నిలబెట్టారు. వీటన్నిటికీ ముందే బడుల్లోనూ కదలిక వచ్చింది. ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠంగా చెప్పాలంది, సినిమా హాళ్ళలో స్లైడ్లు వెయ్యమని కూడా చెప్పింది. నేషనల్ గ్రీన్ కోర్ 2001-02లో మొదలై బడుల్లో ఎకో క్లబ్బులు వెలిశాయి. చవితి వస్తే క్లబ్బు పిల్లలు బంకమట్టితో బొమ్మలు చేసి ఇళ్ళకు పట్టుకెళ్ళడం అప్పటినుంచి మాకు ఆనవాయితీ అయింది.

నా ఫిర్యాదల్లా ఇక్కడే. మట్టి బొమ్మ తిరిగొచ్చింది, పత్రి వేట రాలేదు. బజారులో కట్టలు కట్టి అమ్ముతారు. విప్పి చూస్తే సగం ఏవో గుర్తుపట్టలేని రొట్ట. అంతకంటే బాధ, ఆ కట్టల కోసం మారేడు, జమ్మి కొమ్మలకు కొమ్మలే నరికి లారీలకెత్తడం. మట్టి పిసికిన పిల్లవాడు ఒక పూట సంబరపడతాడు, మంచిదే. వాగు దాకా నడిచిన పిల్లవాడికి మాత్రం ఊళ్ళో ఏది ఉంది, ఏది పోయింది అన్నది తెలిసొస్తుంది.

అందుకే నా చేతిలో క్లబ్బు ఉన్నన్నాళ్ళూ బొమ్మలతో పాటు వేట కూడా పెట్టాను. కొడవలి నిషేధం. ఒక్కో మొక్క నుంచి ఒక్క ఆకు, ఎక్కడ దొరికిందో నోటుపుస్తకంలో రాయాలి. దొరకనివాటికి ఎందుకు దొరకలేదో ఊళ్ళో ముసలివాళ్ళను అడిగి రాయాలి. ఉత్తరేణి ఎదురుగా పిల్లలు రాసుకొచ్చింది: గట్లకు గడ్డిమందు కొడుతున్నారు. మద్ది ఎదురుగా: వాగు ఒడ్డు చదును చేసి చేలో కలిపేసుకున్నారు. విష్ణుక్రాంతం పక్కన ఏడో తరగతి పిల్ల ఒకతి, మా నాయనమ్మకు తెలుసు గాని ఆమెకు కళ్ళు కనపడవు అని రాసింది. ఆ వాక్యానికి మార్కులెన్ని వెయ్యాలో నాకు పాలుపోలేదు.

ఆ కాగితాలను గ్రామసభలో పిల్లల చేతే చదివించాం. గరిక వేళ్ళు గట్టు మట్టిని పట్టి ఉంచుతాయి, మద్ది, వావిలి వేళ్ళు వాగు ఒడ్డును కాపాడతాయి. నాలుగు రోజుల వాన ఒక్క రాత్రే కురుస్తున్న ఈ కాలంలో ఏ గట్లు తెగుతున్నాయో రైతులకు నేను చెప్పాలా? పిల్లల నోట విన్నాక కొందరు తలలూపారు, ఒకాయన మాత్రం కూలి మనుషులు దొరక్కే మందు కొడుతున్నామన్నాడు. అదీ నిజమే. చివరికి గట్ల సంగతి తేలలేదు గాని, వాగు ఒడ్డున పంచాయతీ స్థలంలో మద్ది మొక్కలు నాటడానికి ఒప్పుకున్నారు. మేకలు రాకుండా పిల్లలే రేగుకంప కట్టారు. ఎండాకాలం వాటికి నీళ్ళు ఎవరు మొయ్యాలన్న దాని మీద పై వీధికీ కింది వీధికీ మధ్య తగవు నడుస్తోంది, పోయిన వారం కూడా నన్ను పెద్దమనిషిగా పిలిచారు.