మూడక్షరాల చెంచు భాష

ప్రపంచంలోని భాషలకి మూడేసి అక్షరాల కోడ్ ఇచ్చే ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 639-3 అని. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ఎక్కడో ఒకచోట దాన్ని చూసే ఉంటారు. అందులో తెలుగుకి 'టిఇఎల్', ఎరుకలకి 'వైఇయు', చెంచుకి 'సిడిఇ'. అంటే ఆ జాబితా లెక్కన చెంచు వేరే భాష. మన జనాభా లెక్కల్లో మాత్రం అలాంటి భాష లేదు. 2011లో తెలుగు కింద పేరు పెట్టి చూపించిన మాతృభాషలు రెండే: తెలుగు, వడరి. మిగిలినవన్నీ 'ఇతరాలు'. పదివేల మందైనా ఫలానా పేరు చెప్పకపోతే ఆ మాతృభాషకి విడిగా వరస ఇవ్వరు. అదే 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చెంచులు అరవై వేల పైమాటే. మనుషులు లెక్కకొచ్చారు, మాట రాలేదు. (ఎరుకల సంగతి ఇంకా వింత. మార్కాపురం, గిద్దలూరు ఊళ్ళల్లో వినపడే ఆ భాష ప్రభుత్వం పట్టికలో తమిళం కింద ఉంటుంది.)

అర్ధవీడు దాటి పడమరకి పోతే నల్లమల. ఉత్తరంగా దోర్నాల, యర్రగొండపాలెం వైపు అడవి లోపల పాలుట్ల లాంటి చెంచుగూడేలు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఈ పక్కంతా కర్నూలు జిల్లా, అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీ. కృష్ణకి అవతలి ఒడ్డు నిజాముది. ఒకే జనం, మధ్యలో రాజ్యాల సరిహద్దు. 1794లో శ్రీశైలం చూడటానికొచ్చిన కాలిన్ మెకంజీ ఇవతలి ఒడ్డు చెంచుల గురించి రాశాడు. కానీ చెంచులనగానే అందరూ తీసే పుస్తకం 1943లో హైమండార్ఫ్ రాసింది. ఆయన ఆస్ట్రియన్. యుద్ధం మొదలయ్యేసరికి చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో శత్రుదేశస్థుడై హైదరాబాద్ సంస్థానానికి పరిమితమయ్యాడు. అందుకే ఆ పుస్తకం ప్రధానంగా అవతలి ఒడ్డుది, అమ్రాబాద్ పీఠభూమిది. మన దగ్గర చెంచుల గురించి స్థిరపడిన జ్ఞానంలో సగం ఒక పాస్‌పోర్టు వల్ల అలా కుదిరింది.

చెంచులు మాట్లాడేది తెలుగేనని హైమండార్ఫ్ రాశాడు. నల్లపోతుల, తోకల, ఉడుతల లాంటి ఇంటిపేర్లు చూసినా అంతే అనిపిస్తుంది. అంతకుముందు వేరే భాష ఉండేదా? 'ఉండేది, పోయింది' అనేవాళ్ళున్నారు. అహోబిలం నరసింహస్వామి పెళ్ళాడిన చెంచులక్ష్మి మీద 1943లో ఒకసారి, 1958లో ఒకసారి సినిమాలు తీశాం కానీ, ఆవిడ పుట్టింట్లో ఏ భాష మాట్లాడేదని మనం అడగలేదు.

ఇది చెంచులకే వచ్చిన ప్రశ్న కాదు. ఇథియోపియాలో కాఫా అనే ఒమోటిక్ భాష ఉంది. అక్కడ అడవి పట్టుకుని బతికిన మాంజోలు చుట్టూ ఉన్న రైతుల భాష కాఫానే మాట్లాడతారు. మధ్య ఆఫ్రికాలో ఆకా, బాకా అని రెండు అడవి జనాలు. వాళ్ళ భాషలు రెండు వేరువేరు కుటుంబాలవి. అయినా సెర్జ్ బాహుషే అనే ఫ్రెంచి పరిశోధకుడు పోల్చి చూస్తే ఇరవై శాతానికి పైగా మాటలు కలిశాయి, వాటిలో ఎక్కువ భాగం అడవి మాటలే. పాత భాష పోతూ పోతూ పనికొచ్చే చోట మాటల్ని వదిలి వెళ్ళిందన్నది ఆయన వాదన. నాకు ఇది నచ్చడానికి కారణం, దీన్ని పరీక్షించవచ్చు.

చెంచుల మాటని 'యాస' అని వదిలేయడం వల్ల ఏం పోతుందో 'పెంట' చెబుతుంది. ఊళ్ళో ఆ మాట తిట్టు, లేదా చెత్తకుప్ప. నల్లమలలో అది నివాసం: అప్పాపూర్ పెంట, సున్నిపెంట. బడిలో పిల్లాడు తన ఊరి పేరు చెబితే పక్కవాళ్ళు నవ్వే అవకాశం ఎంతుందో ఊహించండి. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం గిరిజన పిల్లలకి మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు ఎనిమిది భాషలు తీసుకుంది: గోండి, కొలామి, కోయ, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, బంజారా. చెంచు లేదు. తెలుగు మాట్లాడేవాళ్ళకి తెలుగు పుస్తకం ఉందిగా అన్నది తేలిగ్గా దొరికే జవాబు. ఆ జవాబు తప్పని నా అభిప్రాయం. గోండు పిల్లాడికి బడి భాష రాకపోతే భాష వేరని టీచరుకి తెలుస్తుంది. చెంచు పిల్లాడికి అర్థం కాకపోతే వాడే మొద్దు అనుకుంటారు.

పని పెద్దదేం కాదు. తేనె, వెదురు, జిగురు, గడ్డలు, జంతువుల అడుగుజాడలు, వీటికి పాలుట్లలో ఒక జాబితా, అప్పాపూర్‌లో ఒక జాబితా. మధ్యలో కృష్ణ ఉంది. రెండింట్లోనూ ఉండి, మార్కాపురం సంతలో ఎవరికీ తెలియని మాటలు ఎన్నో లెక్కపెట్టాలి. సున్నా వస్తే అదీ ఒక జవాబే, అప్పుడా మూడక్షరాల కోడ్ గురించి మళ్ళీ మాట్లాడుకోవచ్చు. ఈలోగా ఆ మాటలు తెలిసిన ముసలివాళ్ళు తగ్గిపోతున్నారు.