మొలాము

మన భాషలో మొలాము అను మాట యొకటి కలదు. రాగి, ఇత్తడి మొదలగువానికి బంగారునీరు పట్టించుటను మొలాము చేయుట యందురు. ఉర్దూలో ఇది ములమ్మా. మూలము అరబ్బీలో మెఱయుట యను నర్థముగల ధాతువు. రెండు భాషలు కలిపి యల్లిన పారసీక పద్యమునకును ఇదియే పేరు. కాఁబట్టి పుట్టుకయందు ఈ పదమునకు మెఱుపుతోనే కాని మోసముతో సంబంధము లేదు. లోపలి లోహమును దాఁచి పైవన్నెకు వెల కట్టించుకొను వాడుకవలన దానికి దోషము సంక్రమించినది.

పైపూత లన్నియు నింద్యములు కావు. కళాయి ఇత్తడి గిన్నెలోని పులుసు చిలుమెక్కకుండఁ గాపాడును. జనగామ చెంతనున్న పెంబర్తి శిల్పులు దేవుని రథములకును తలుపులకును కొయ్యపై ఇత్తడిరేకు తాపడము చేయుదురు. లోపల కొయ్య యున్నదని చూచువా రెల్ల రెఱుఁగుదురు. లోనిది తెలియనిచ్చినచో అది యలంకారము, తెలియనీయనిచో మొలాము.

లోహములకే కాదు, మాటలకును మొలాము కలదు. నెల్లికుదురు, జనగామ ప్రాంతములు నిజాము ఏలుబడిలో నుండిన దినములలో, చాకలి, మంగలి, కుమ్మరి మొదలగువారు దొరల గడీలలో కూలి లేక చాకిరి చేసిరి. అది వెట్టి. దానికి 'మామూలు' అను పేరు పూయఁబడెను. అప్పు పేర మనిషిని ఏండ్ల తరబడి పనికిఁ గట్టివేయుట భగేలా. దానికి 'ఒప్పందము' అని పూత. ఇరువురి యిష్టమున జరుగవలసినదే ఒప్పందము. ఆఁకలిగొన్నవాని వ్రేలిముద్రలో ఇష్ట మెక్కడిది?

1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదలైన ఆంధ్రమహాసభ కాలక్రమమున వెట్టిని బహిరంగముగా నెదిరించినది. 1936లో హైదరాబాదు ప్రభుత్వము భగేలా ఒప్పందములపై శాసనము చేసెను. ఐనను పల్లెలలో ఆ పద్ధతి నిలిచియే యుండెను. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి కాల్పులకు బలియైన పిదప, మామూలను మాట ఎవరిని నమ్మింపఁగలదు?

1976నాఁటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ఒక మంచిపని చేసినది. వెట్టి, భగేలా, జీత, పాలేరు మొదలగు పేళ్లను వరుసగా నెత్తి చూపి, ఆచారబలమున నడచు ఒప్పందములను సైతము తన నిర్వచనములోఁ జేర్చినది. పూత ఏ పేరిదైనను లోహ మొకటియే యని దాని భావము.

బంగారమును పరీక్షించుటకు గీటురాయి కలదు. మాటలకు గీటురాయి యేది? ఆ మాటవలన ఎవరి వీపు వంగినదో చూచుటయే.