ముప్పావలా తేడా



లెక్కలు వ్రాసిన చేతులకు ఒక సంగతి బాగుగా తెలియును. చిట్టాకును ఆవర్జాకును నూరు రూపాయల తేడా వచ్చినచో దాని కారణము త్వరలోనే కనబడును. పావలా తేడా వచ్చినప్పుడు మాత్రము రాత్రియంతయు దీపము ముందు కూర్చుండవలసి వచ్చును. పావలాయే గదా, నా చేతినుండి వేసెదనని పుస్తకము మూయువాడు లెక్కరి కాడు. అట్టి చిన్న తేడాను విడువక పట్టుకొనిన యొకని చరిత్రమును నేడు మనవి చేసెదను. అతని చేతనున్న పుస్తకము మాత్రము కంప్యూటరు.

ముందుగా ఆ యంత్రపు కట్టుబాటును చెప్పవలెను. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అను వారు యూనిక్స్ అను నిర్వహణ వ్యవస్థకు పునాది వేసిరి. ఒక్క యంత్రమును పలువురు ఒకేసారి వాడుకొనుటకు అది తగియుండెను. ప్రతివానికి ఒక పేరు, ఒక రహస్యపదము, తన కాగితముల నుంచుకొనుటకు ఒక చోటు నుండును. ఒకరి కాగితములను అనుమతి లేక మరియొకరు తాకరాదు. అందరికి పైన 'రూట్' అను అధికారి యొకడు. వానికి తెరువరాని తలుపు లేదు, మార్పరాని వ్రాత లేదు. ఎవరు ఎప్పుడు వచ్చిరో, ఎంతసేపు పని చేసిరో యంత్రము తనంతట తాను వ్రాసికొనుచుండును. ఆ వ్రాతకు 'లాగ్' అని పేరు. దీని నంతయు కనిపెట్టియుండువానిని అడ్మినిస్ట్రేటరందురు.

1986 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అను నతడు ఈ పనికి క్రొత్తగా వచ్చెను. అతడు ఖగోళశాస్త్రజ్ఞుడు, పరిశోధనకు ధనసహాయము ముగియుటచే ఈ కొలువునకు మారెను. అచ్చట యంత్రమును వాడినవారి నుండి రుసుము వసూలు చేయుట ఆచారము. ఆ లెక్కను రెండు ప్రోగ్రాములు వేర్వేరుగా కట్టుచుండెను. ఒకటి యూనిక్స్‌తో వచ్చినది, రెండవది అచ్చటివారే వ్రాసికొన్నది. రెంటికిని 75 సెంట్ల తేడా వచ్చెను. సెంటనగా ఇచట భూమి కొలత కాదు, డాలరులో నూరవ పాలు. కావున ఈ తేడా మన ముప్పావలా వంటిది. భిన్నములను సరిచేయుటలో తప్పు దొరలెనేమో యని స్టోల్ ప్రోగ్రాములను పరిశీలించెను. అవి సరిగానే యుండెను. పిదప వాడుకరుల పట్టీని చూచెను. బిల్లు పంపుటకు చిరునామాయే లేని పేరొకటి అందుండెను.

ఎవడో బయటివాడు లోన జొచ్చెనని తేలెను. ఎట్లు జొచ్చెను? ఉత్తరములను ఒకచోటి నుండి మరియొకచోటికి చేర్చు చిన్న ప్రోగ్రామొకటి ఇమాక్స్ అను పరికరముతో పాటు అచ్చట నుండెను. దానికి రూట్ అధికార మిచ్చియుండిరి. చేర్చుచోటు తగునో తగదో అది విచారింపదు. వ్యవస్థ 5 నిమిషముల కొకసారి నడుపు ప్రోగ్రామొకటి కలదు. ఆగంతకుడు దాని చోట తన ప్రోగ్రామును చేర్పించెను. వ్యవస్థ అది తనదే యనుకొని నడిపెను, వాడు రూటయ్యెను. కాకి గూట కోకిల గ్రుడ్డు పెట్టుట వంటిదే యిది. కోకిలకు పరభృతమను పేరు అందుచేతనే గదా కలిగినది! 1989లో స్టోల్ ప్రకటించిన గ్రంథమునకు సయితము కోకిల గ్రుడ్డు అను నర్థము గల పేరే యుంచెను.

రహస్యపదములు మార్చి తలుపు మూసికొని యుండవచ్చును. కాని వాడెవడో, ఇంకెన్ని యిండ్లు జొచ్చెనో అప్పుడు తెలియదు. యంత్రములోని లాగ్‌ను నమ్ముటకును వీలు లేదు. రూటయినవాడు తన యడుగుజాడలను తానే చెరుపగలడు. కావున స్టోల్ ఒక వారాంతమున అచ్చుయంత్రములను అడిగి తెచ్చి, బయటినుండి వచ్చు తంతులకు తగిలించెను. ఆగంతకుడు కొట్టిన ప్రతి యక్షరము కాగితముపై పడెను. ఆ కాగితమును ఏ రూటును చెరుపలేడు.

ఇట్లు నెలల తరబడి కాచెను. దొంగ సైనిక స్థావరముల యంత్రములలో రక్షణ రహస్యములు వెదకుచుండెను. వాడు ఎక్కువసేపు నిలిచిననే గాని తంతి వెంట పోయి పట్టుట కష్టము. అందుచే స్టోల్ క్షిపణి రక్షణ పథకమునకు సంబంధించినవను కల్పిత పత్రములను రాశిగా ఎరవేసెను. వాడు చదువుచు నిలువగా, తంతి జాడ పశ్చిమ జర్మనీలోని హన్నోవర్ నగరమునకు చేరెను. వాడు మార్కస్ హెస్. అతడును సహచరులును తమకు దొరకినదానిని సోవియట్ గూఢచారి సంస్థకు అమ్మిరి. 1990లో జర్మను న్యాయస్థానము వారిని దోషులుగా తేల్చి, శిక్ష విధించి, దాని యమలును నిలిపెను. వాడు సుమారు 450 యంత్రములపై ప్రయత్నించి, 30కి పైగా లోన జొచ్చెనని స్టోల్ లెక్క తేల్చెను. పలుచోట్ల వాడు చూపిన విద్య ఏమియు లేదు. యంత్రముతో వచ్చిన తొలి రహస్యపదమును అచ్చటివా రెవరును మార్చలేదు, అంతియే.

నేనును కొంతకాలము ఇట్టి యంత్రములకు కావలి యుంటిని. 1991లో పుట్టిన లినక్స్ నడుచు యంత్రములవి. వానిలోను అదే రూటు, అదే లాగ్. చిన్న లోపము కనబడినప్పుడు లాగ్‌ను చదువక, యంత్రము నాపి మరల నడిపి, బాగైనదని యింటికి పోయిన దినములు నాకు గలవు. లోపము అణగినది గాని తీరలేదు. మూడవమారు వచ్చినప్పుడు, దాని కారణమును చెప్పవలసిన పాత వ్రాతలు అప్పటికే చెరిగిపోయియుండెను. నష్టము ఇతరులకు కలిగెను, సిగ్గు నాకు మిగిలెను. అప్పటినుండి యంత్రముపై చేయి వేయకమునుపు లాగ్ చదువుటయు, చేసినదానిని వేరొక కాగితముపై వ్రాయుటయు అలవరచుకొంటిని. ఈ అలవాటు యూనిక్స్ కంటె పాతది. లెక్క తేలక పుస్తకము మూయని పెద్దలది.