వేషము విప్పిన మరునాడు

రుషికొండ ఇసుకలో సాయంవేళ కూర్చుండి, రేవునుండి పిలుపు రాక కడలిలో లంగరు వేసికొనియున్న ఓడలను చూచుచుండగా, నాకు తఱచుగా ఆంగ్లదేశపు వేమత్ రేవు జ్ఞప్తికి వచ్చును. 1910 ఫిబ్రవరి 7వ తేదీన హొరేస్ డి వేర్ కోల్ అను కొంటెవాడు, మఱి అయిదుగురు మిత్రులను వెంటబెట్టుకొని, వారిలో నలుగురి మొగములకు నల్లరంగు పూయించి, గడ్డము లంటించి, తలపాగాలు చుట్టించి, వీరు అబిసీనియా రాజవంశీయులని నమ్మబలికి, బ్రిటిషు నౌకాదళమునకు గర్వకారణమగు డ్రెడ్‌నాట్ యుద్ధనౌక నెక్కి, రాచమర్యాద లందుకొని తిరిగివచ్చెను. దుబాసి వేషము వేసినవాడు లాటిను, గ్రీకు ముక్కలను నమిలి అబిసీనియా భాషగా వినిపించెనట! ఆ గడ్డములవారిలో నొకరు, పిమ్మట వర్జీనియా వుల్ఫ్ అను పేర విఖ్యాతినందిన రచయిత్రి.

ఇట్టి కొంటెతనమును ప్రదర్శనకళకు తొలిరూపముగా నెంచు విమర్శకులు నేడు కలరు. ఎంచవచ్చును; కాని అంతకు ఒక యేడు ముందే, 1909లో, గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమును తిరుగవ్రాసి వెలువరించినపుడు, మధురవాణికి మగవేషము వేసి ఈ విశాఖపట్టణమునకే, వేశ్యల పొడ గిట్టని వకీలు సౌజన్యారావు పంతులు బసకే పంపియుండిరి. ఆ నాటకమున వేషములకు మూలపురుషుడు కరటకశాస్త్రి. తన మేనకోడలు ముదుసలి లుబ్ధావధానుల పాలు గాకుండ కాపాడుటకై, విదూషకవృత్తి గల ఈ బ్రాహ్మణుడు తన శిష్యునికి ఆడపిల్ల వేషము వేసి, శుల్కము పుచ్చుకొని మఱీ ఆ ముసలివానికి కట్టబెట్టెను. పెండ్లికూతురు మాయమయ్యెను, లేని పిల్లను చంపినాడని అవధానులపై ఖూనీ కేసు వచ్చి పడెను. ఆ చిక్కు విప్పుటకు మఱియొక వేషమే కావలసివచ్చినది. మధురవాణి వచ్చి, మాటలతో పంతులుగారిని ఆడించి, తుదకు తానెవరో తానే వెల్లడించుకొనినది.

ఈ యుక్తి గురజాడవారికి ఎక్కడనుండియో ఊడిపడినది కాదు. తెర లేక, దివిటీ లేక, పట్టపగలు నడివీథిలో సోమయాజులుగను, సోమిదేవమ్మగను, బుడబుక్కలవాడుగను, ఫకీరుగను తిరుగు పగటివేషగాండ్రను ఎఱుగని పల్లె తెలుగునాట ఉండెడిది కాదు. వారి కళ నవ్వించుటతోనే ఆగలేదు. మాచుపల్లి కైఫీయత్తు చెప్పు వృత్తాంతము చూడుడు: సిద్ధవటసీమ నేలుచుండిన సంబెట గురవరాజు ధనము రాబట్టుటకై స్త్రీలను హింసించుచుండగా, ఆ దారిని పోవుచుండిన కూచిపూడివారు అది కనుగొని, విజయనగరమున వీరనరసింహరాయల కొలువులో కేళిక పట్టినపుడు ఒకడు గురవరాజు వేషము దాల్చి ఆ ఘోరమును ఉన్నదున్నట్లు ఆడి చూపెను. రాయలు సేనను పంపి గురవరాజును పట్టించి శిక్షించెను. వినతిపత్రముతో పోయియుండిన, ద్వారము దాటెడివారో లేదో!

కోల్ మిత్రులు ఇంటికి పోయి నవ్వుకొనిరి. కథ పత్రికల కెక్కినది. మోసపోయిన నావికులు తలదించుకొనిరి. మన వేషగాని పద్ధతి వేఱు. మా ఊర నా చిన్నతనమున ఒకడు అర్ధనారీశ్వర వేషము కట్టెను. ముక్కుదూలము వెంబడి నిలువున గీత గీసినట్లు ఒక ప్రక్క విభూతి, అరమీసము, రెండవ ప్రక్క పసుపు, ముక్కెర; నడుమ చేతిగుడ్డను తెరగా పట్టి, శివుడై గర్జించి, మడమపై తిరిగి, పార్వతియై బదులు పలుకుచుండగా, మా నాయనమ్మ ఆ రెండవ ప్రక్కకు మాత్రమే చేతులు జోడించినది. వేషములన్నియు ముగిసిన మరునాడు సంభావనకై పంచె కట్టుకొని ఒక బక్కపలుచని మనుష్యుడు వాకిట నిలిచెను.

"ఎవరు నాయనా నీవు?" అని ఆమె అడిగినది.

"మొన్నటి పార్వతినే తల్లీ."

ఆమె చేటతో బియ్యము తెచ్చి జోలెలో పోయుచు, వాని మొగమును పరీక్షగా చూచుచునే యుండెను. ఎడమ చెవి వెనుక పసుపు ఇంకను వదలలేదు.