వసతి గృహములు – క్యారమ్ పోటీలు : మన ప్రాంత విద్యా చరిత్రలో ఒక చిన్న అధ్యాయము

వేలూరు చరిత్ర అనగానే కోటయు, 1806 నాటి సిపాయిల తిరుగుబాటును మనకు జ్ఞప్తికి వచ్చును. గుడియాత్తం అనగానే చేనేత లుంగీలు, అగ్గిపెట్టెల పరిశ్రమ, 1954 ఉప ఎన్నికలో కామరాజు గారు ఇచ్చటి నుండి శాసనసభకు ఎన్నికైన సంగతి స్ఫురించును. ఇవన్నియు గ్రంథములకెక్కినవి. కాని మన పాఠశాలలో చదివి, పై చదువులకై వెళ్ళి, వసతి గృహములలో యౌవనమును గడపిన విద్యార్థుల జీవితమునకును ఒక చరిత్ర కలదు. ఆ చరిత్రలో క్యారమ్ బల్ల పొందిన స్థానమును ఈ ప్లాటినం జూబిలీ సంచికలో గుర్తుచేయుట నా ఉద్దేశము.

మన ప్రాంతమున ఉన్నత విద్య క్రమముగా విస్తరించినది. వేలూరులో ఊరీసు కళాశాల 1898లో ఏర్పడినది. తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించిన డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అచ్చట చదివి, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి. 1918లో ఐడా స్కడర్ గారు వేలూరులో మహిళలకు వైద్య పాఠశాలను నెలకొల్పిరి. 1947 నుండి అందు పురుషులకును ప్రవేశము లభించినది. 1964లో గుడియాత్తమునకు తిరుమగళ్ మిల్స్ కళాశాల వచ్చినది. 1984లో వేలూరు ఇంజనీరింగ్ కళాశాల ఆరంభమై, నేడు వి.ఐ.టి. విశ్వవిద్యాలయముగా వర్ధిల్లుచున్నది. దూరప్రాంతముల వారు వచ్చి చదువుచుండగా వసతి గృహములు పెరిగినవి. రాధాకృష్ణన్ గారు చదివిన క్రైస్తవ కళాశాల 1937లో తాంబరమునకు తరలినది. అచ్చట విద్యార్థి నివాసములకు ‘హాలు’ అని పేరు. సెయింట్ థామస్, సేలయ్యూరు, బిషప్ హీబర్ హాళ్ళ నడుమ పోటీలు జరుగుట ఆ కళాశాల సంప్రదాయము. విద్యార్థి తరగతికి మాత్రమే గాక, తాను నివసించు ఇంటికి కూడ ప్రతినిధియే అను భావము అట్టి సంప్రదాయముల నుండి వచ్చినదే.

ఇక క్యారమ్ ఆట సంగతి. ఇది భారత ఉపఖండమున పుట్టినదని పలువురు భావింతురు. దీనిని కనిపెట్టిన వాని పేరు మాత్రము ఏ గ్రంథమునను లేదు. తరతరములుగా ఇంటి అరుగుల మీద సాగిన ఈ వినోదమునకు ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క లెక్క ఉండెడిది. దీనికి ఒకే కట్టుబాటు తెచ్చుటలో మద్రాసు నగరమునకు పెద్ద పాత్ర కలదు. అఖిల భారత క్యారమ్ సమాఖ్య 1956లోను, అంతర్జాతీయ సమాఖ్య 1988లోను ఆ నగరమందే ఏర్పడినవి.

నియమముల ప్రకారము ఆడు బల్ల 29 అంగుళముల చదరము. తొమ్మిది నల్లబిళ్ళలు, తొమ్మిది తెల్లబిళ్ళలు, ఒక ఎర్రబిళ్ళ. ఎర్రబిళ్ళనే రాణి అందురు. ఇంటి ఆటలో నలుపునకు ఒక విలువ, తెలుపునకు మరొక విలువ కట్టుట వాడుక. పోటీలో రెండును సమానమే. తన బిళ్ళలను ముందుగా ముగించిన వానికి, ప్రత్యర్థి బిళ్ళలు బల్లపై ఎన్ని మిగిలిన అన్ని పాయింట్లు వచ్చును. రాణికి మూడు పాయింట్లు. కాని దానిని గుంటలో వేసిన పిదప వెంటనే తన బిళ్ళ నొకదానిని వేసి ‘కవర్’ చేయవలయును. ఇరువది రెండు పాయింట్లు చేరిన వానికి రాణి లాభము చేకూరదు. ఇరువది ఐదు పాయింట్లు గాని, ఎనిమిది బోర్డులు గాని ఒక గేమునకు పరిమితి.

వసతి గృహముల పోటీలలో సాధారణముగా ఒక్కొక్క గృహము సింగిల్స్, డబుల్స్ ఆటలకు తన జట్టును పంపును. ఆ గెలుపోటములన్నియు కలిసి గృహమునకు చెందును. ప్రథమ సంవత్సరపు విద్యార్థియు, చివరి సంవత్సరపు విద్యార్థియు జోడీగా ఎదురెదురుగా కూర్చుండవచ్చును. ఆట సాగునంతసేపు వారు ఒకరికొకరు ఎత్తుగడలు చెప్పుకొనరాదు. భాగస్వామి మనస్సును అతని ఆటను బట్టియే గ్రహింపవలయును.

నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇచ్చటనే కలదు. తెలుగు మాధ్యమమున చదివిన మన విద్యార్థి వసతి గృహమున అడుగిడగానే చుట్టును తమిళము, ఆంగ్లము వినవచ్చును. పాఠము తెలిసియు నోరు మెదపలేని దినములు కొన్ని ఉండును. చదువు మాని తిరిగి వచ్చుదమను ఆలోచన పుట్టునది ఆ దినములలోనే. అట్టి వానికి క్యారమ్ బల్ల భాష అడుగదు. వ్రేలి నిదానమును, కంటి లెక్కను మాత్రమే అడుగును. జట్టులో చోటు దొరికిన నాడు పేరు పెట్టి పిలుచువారు ఏర్పడుదురు; పిలిచిన పిదప మాట దానంతట అదియే వచ్చును.

ఆడపిల్లలకు ఈ ఆట చేసిన మేలు మరింత పెద్దది. మైదానమునకు పంపుటకు సంకోచించిన తల్లిదండ్రులును గదిలోని బల్లకు అడ్డు చెప్పలేదు. దాని ఫలితము నేడు కన్నుల ఎదుట కలదు. హైదరాబాదు వనిత ఎస్. అపూర్వ గారు 2016లో బర్మింగ్‌హామ్‌లో మహిళల ప్రపంచ విజేతగా నిలిచిరి. 2024లో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్ పోటీలలో చెన్నై ఆటో డ్రైవరు కుమార్తె ఖాజిమా మూడు స్వర్ణ పతకములు గెలిచినది. ఖరీదైన పరికరములు గాని, విశాలమైన స్థలము గాని లేని ఇంటి నుండియు శిఖరమును చేరవచ్చునని ఈ బాలిక నిరూపించినది.

నేడు విరామ వేళలలో చేతికి సెల్‌ఫోను దొరికినంత సులభముగా ఎదుట మనిషి దొరకుట లేదు. క్యారమ్ ఒంటరిగా ఆడునది కాదు. కావున పూర్వ విద్యార్థులకు నా మనవి యొకటి. మీరు పాఠశాలకు కానుక ఇయ్యదలచినప్పుడు ఒక మంచి క్యారమ్ బల్లను కూడ తలచుకొనుడు; సెలవులలో వచ్చి దాని నియమములను పిల్లలకు నేర్పుడు. మన పిల్లలు రేపు ఏ ఊరి వసతి గృహమున అడుగిడినను, అచ్చటి బల్ల ఎదుట తడబాటు లేక కూర్చుందురు గాక!