మిడిల్‌వెయిట్ ముష్టియుద్ధ వీరులు

వృత్తి ముష్టియుద్ధమున 154 పౌనులకు మించి 160 పౌనులకు, అనగా రమారమి 72.6 కిలోగ్రాములకు, లోబడిన బరువు గల యోధుల తరగతికి మిడిల్‌వెయిట్ అని పేరు. ఔత్సాహికుల పోటీలలో పరిమితి వేరు. 2008 బీజింగ్ ఒలింపిక్ క్రీడలలో విజేందర్ సింగ్ మన దేశమునకు కాంస్యపతకము తెచ్చిన మిడిల్‌వెయిట్ తరగతి 75 కిలోగ్రాములది. హెవీవెయిట్ యోధుని దెబ్బలోని బలమును, చిన్న తరగతులవారి పాదలాఘవమును ఒక్క దేహమున సమకూడుటకు వీలున్న తరగతి ఇది యగుటచేత, ముష్టియుద్ధ మర్మజ్ఞులు పెక్కుమంది దీనిని తక్కిన వానికంటె మిన్నగా ఆదరింతురు.

ఈ తరగతి వీరులలో ఎవ్వడు శ్రేష్ఠుడను ప్రశ్న ఎంతకాలము నలిగినను తెగకుండుటకు కారణము, బరువునకు హద్దు స్థిరపడియున్నను ఘనతకు హద్దు తరమునకొకటిగా మారుచుండుటయే. పాతకాలపువారిని పోరాటముల సంఖ్యను బట్టియు, నడిమికాలపువారిని వారు గెలిచిన ప్రత్యర్థుల ప్రతిష్ఠను బట్టియు, ఇటీవలివారిని బిరుదు నిలుపుకొన్న పర్యాయములను బట్టియు మెచ్చుకొనుట వాడుక. వీనిలో చివరిది మిక్కిలి సులభముగా లెక్కకు అందును, మోసపుచ్చునదియు అదియే.

పిట్స్‌బర్గు నగరవాసి హారీ గ్రెబ్ (1894–1926) పదమూడేండ్ల వృత్తిజీవితమున రమారమి 300 పోరాటములు చేసెను. ఆ కాలమున అమెరికాలోని పెక్కు రాష్ట్రములలో, నాకౌటుతో ముగియని పోరాటమునకు విజేతను ప్రకటించుటను చట్టములు నిషేధించియుండుటచేత, మరునాటి పత్రికలలో విలేఖరులు వ్రాసినదే తీర్పుగా చెల్లెడిది. అందుచేతనే గ్రెబ్ విజయముల లెక్క నేటికిని గ్రంథమునకొక తీరుగా కానవచ్చును. 1922 మే నెలలో, తనకంటె బరువైన జీన్ టన్నీని అతడు ఓడించెను. పిదప ప్రపంచ హెవీవెయిట్ వీరుడైన టన్నీ తన వృత్తిజీవితము మొత్తమున ఎరిగిన ఓటమి అదియొక్కటే. 1923లో జానీ విల్సన్ నుండి మిడిల్‌వెయిట్ బిరుదును గెలుచుకొని, 1926 ఫిబ్రవరిలో టైగర్ ఫ్లవర్సునకు దానిని కోల్పోయెను. ఈ కాలమున అతనికి ఒక కంట చూపు లేకుండెననుట విశేషము. అదే సంవత్సరము అక్టోబరులో శస్త్రచికిత్సానంతరము గ్రెబ్ మరణింపగా, ఈ బిరుదు పొందిన తొలి నల్లజాతి యోధుడైన ఫ్లవర్సు మఱుసటి యేడు అట్లే శస్త్రచికిత్స పిమ్మటనే కన్నుమూసెను. గ్రెబ్ పోరాటములను చూపు చలనచిత్రము ఒక్కటియు మిగులలేదు గనుక, అతని కీర్తిని మనము చూచినవారి మాటమీద నమ్మవలసినదే.

బిరుదు నిలుపుకొన్న లెక్కన తప్ప, మరి ఏ విధముగ పరీక్షించినను ముందువరుసలో నిలుచువాడు షుగర్ రే రాబిన్సన్ (1921–1989). వాకర్ స్మిత్ అను జన్మనామము గల ఈతడు బాల్యమున రే రాబిన్సన్ అను మరియొకని గుర్తింపు పత్రముతో పోటీలో దిగి, ఆ పేరినే జీవితాంతము నిలుపుకొనెను. వెల్టర్‌వెయిట్ వీరుడుగా నాలుగేండ్లు వెలసిన పిమ్మట, 1951 ఫిబ్రవరి 14వ తేదీన చికాగోలో జేక్ లమొట్టాను 13వ రౌండున నిస్సహాయుని జేసి మిడిల్‌వెయిట్ బిరుదును చేకొనెను. వారిరువురకును అది ఆఱవ పోరాటము. 1943లో రాబిన్సన్‌కు వృత్తిజీవితమున తొలి పరాజయము కలిగించినవాడు లమొట్టాయే యైనను, తక్కిన అయిదింటను గెలుపు రాబిన్సన్‌దే. అదే యేడు జూలైలో లండనున రాండాల్ఫ్ టర్పిన్ చేత ఓడి, 64 దినములకు న్యూయార్కులో, కనుబొమ తెగి నెత్తురు కారుచుండగా, పదవ రౌండున టర్పిన్‌ను పడగొట్టి బిరుదును మరల సంపాదించెను. 1952 జూన్‌లో జోయీ మాగ్జిమ్‌తో లైట్‌హెవీవెయిట్ బిరుదుకై పోరాడిన రాత్రి ఉక్కకు తాళలేక రిఫరీయే నడుమ తప్పుకొనవలసివచ్చెను. మూడు తీర్పుల లెక్కలోను ముందున్న రాబిన్సన్ సయితము 14వ రౌండునకు లేవలేకపోయెను. అటుపై విరమించి కొంతకాలము నర్తకుడుగా జీవించి, 1955లో తిరిగివచ్చి బోబో ఓల్సన్‌ను గెలిచెను. 1957లో జీన్ ఫుల్మర్‌కు పోగొట్టుకొన్న బిరుదును అయిదవ రౌండున ఒక్క ఎడమచేతి హుక్కుతో రాబట్టెను. కార్మెన్ బసీలియో చేతికి పోయినదానిని 1958 మార్చిలో తిరిగి గైకొనెను. ఇట్లు అయిదు పర్యాయములు విజేత యగుట ప్రశంసయే. ఐనను రింగులో మూడుసార్లు పోగొట్టుకొని, ఒకసారి తానై విడిచినగాని అది సాధ్యము కాదు. కేవలము బిరుదును నిలుపుకొన్న సంఖ్యను చూచువారికి ఈతడు తనకంటె చిన్నవారికి వెనుకబడి కానవచ్చును. ఆ లెక్కలోని దోషమునకు ఇంతకంటె సాక్ష్యము వేరొకటి అక్కరలేదు.

అర్జెంటీనా దేశీయుడు కార్లోస్ మోన్సోన్ (1942–1995) 1970 నవంబరులో రోము నగరమున నీనో బెన్వెనుతిని 12వ రౌండున కూల్చి, పిదప 14 మారులు బిరుదును కాపాడుకొని, 1977లో అజేయుడుగానే విరమించెను. 1964 తరువాత ఓటమి నెఱుగనివాడు. పొడుగైన చేతులతో శత్రువును దూరముననే నిలిపి, తొందరపడక ఛేదించుట అతని పద్ధతి. కాని 1989లో అలీసియా మూనిస్ అను స్త్రీని చంపిన నేరమునకు 11 ఏండ్ల శిక్ష పొంది, శిక్షాకాలముననే సెలవుపై వచ్చినప్పుడు కారు ప్రమాదమున మరణించెను. రింగులోని నైపుణ్యమును ఈ నేరమునుండి విడదీసి కీర్తించువారు కలరు. చరిత్ర రెంటిని కలిపియే వ్రాయవలెను.

మార్విన్ హేగ్లర్ (1954–2021) కథ నిరీక్షణ కథ. న్యూజెర్సీలోని న్యూఆర్కున పుట్టి, అచ్చటి 1967 అల్లర్ల తరువాత కుటుంబముతో మసాచుసెట్సులోని బ్రాక్‌టన్ చేరి, పెట్రొనెల్లి సోదరుల శిక్షణలో ఎదిగిన ఈ ఎడమచేతివాటపు యోధునికి పెద్ద పేరు గలవారు సులభముగా ఎదురు నిలువకుండిరి. 1979లో వీటో ఆంటుఫెర్మోతో బిరుదు పోరాటము సమానముగా ముగియగా, మఱుసటి యేడు లండనులోని వెంబ్లీలో అలన్ మింటర్‌ను మూడవ రౌండున ఓడించెను. ఆ విజయమునకు ప్రేక్షకులు సీసాలు విసరుటచే రింగులో సన్మానము పొందక పోలీసుల రక్షణలో వెడలవలసివచ్చెను. 10 మారులు బిరుదు నిలుపుకొన్న పిమ్మట, 1985 ఏప్రిల్‌లో టామీ హెర్న్‌సుతో జరిగిన మూడు రౌండుల పోరాటము నేటికిని ఉపమానముగా చెప్పబడుచున్నది. 1987లో, అయిదేండ్లలో ఒకే ఒక్కసారి పోరాడిన షుగర్ రే లెనార్డ్‌తో 12 రౌండుల పోరాటమునకు, పెద్ద రింగునకు ఒడబడి, ఇద్దరు న్యాయనిర్ణేతలు లెనార్డ్ పక్షమును, ఒక్కడు హేగ్లర్ పక్షమును పలుకగా బిరుదు కోల్పోయెను. వివాదము ముగియలేదు, హేగ్లర్ మాత్రము మరల పోరాడక ఇటలీ జేరి చలనచిత్రములలో నటించెను. సుదీర్ఘముగా ఏకైక విజేతగా నిలిచి, తన కాలపు శ్రేష్ఠులను ఒకరి వెంట నొకరిని ఎదుర్కొన్నవాడగుటచేత, కేవలము ఈ తరగతిలోని ఆధిపత్యమును చూచినచో హేగ్లర్‌నే ప్రథమునిగా ఎంచుట న్యాయమని తోచును.

బెర్నార్డ్ హాప్కిన్స్ (జననము 1965) ఫిలడెల్ఫియా నగరవాసి. రమారమి అయిదేండ్లు చెరసాలలో గడపి, 1988లో వృత్తిలో దిగిన తొలి పోరాటముననే ఓడిపోయి, 1995లో ఒక సంస్థ బిరుదును గెలిచి, దానిని 20 మారులు నిలుపుకొనెను. ఇంతలో లోకమున బిరుదులిచ్చు సంస్థలు నాలుగై, ఏక కాలమున నలుగురు విజేతలు వెలసిరి. 2001 సెప్టెంబరులో ఫీలిక్స్ ట్రినిడాడ్‌ను, 2004లో ఆస్కార్ డి లా హోయాను గెలిచి నాలుగు బెల్టులను కలిపిన తొలివాడు హాప్కిన్స్. అతని ఖ్యాతికి ఆ 20 సంఖ్యకంటె ఈ రెండు విజయములే దృఢమైన ఆధారములు. 2005లో జెర్మెయిన్ టేలర్ చేత ఓడెను.

కజకిస్తాన్ దేశీయుడు గెన్నాడీ గోలోవ్కిన్ 2018 మే నెలలో ఆ 20 సంఖ్యను అందుకొనెను. ఐతే అతని లెక్క మొదలైన 2010లో అతనికి బిరుదిచ్చిన సంస్థయే ఫీలిక్స్ స్టుర్మ్ అను వానిని తన ఉన్నత విజేతగా గుర్తించియుండుటచేత, ఏ పోరాటమునుండి ఎంచవలెనను విషయమున లెక్క కట్టువారికే ఏకాభిప్రాయము లేదు.