మీ ఇంటి ఆదాయం ఎంత?



ప్రతి ఏడాది మన రిపోర్టులో పొదుపులు, అప్పులు, రికవరీ లెక్కలన్నీ ఉంటాయి. ఒక్క లెక్క మాత్రం ఉండదు. మన ఇళ్ళకు ఏడాదికి ఎంత వస్తోంది, పదేళ్ళ కిందట ఎంత వచ్చేది? ఈ ప్రశ్నను మన దేశంలో ఎవరు ఎలా అడిగారో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

ముందుగా చెప్పుకోవాల్సింది దాదాభాయి నౌరోజీ గారి గురించి. 1867-68 సంవత్సరానికి ఆయన ఒక్కో ప్రాంతంలో పండిన పంటకు ధర కట్టి, మొత్తాన్ని జనాభాతో భాగించారు. మనిషికి ఏడాదికి 20 రూపాయలని తేల్చారు. తెల్లవాళ్ళ పాలనలో దేశం ఎంత పేదదైందో ఆ అంకె చెప్పింది. కానీ అది సగటు. జమీందారునీ కూలివాడినీ కలిపి భాగించిన అంకె.

సగటుతో చిక్కేమిటో మన గ్రూపులోనే చూద్దాం. పదకొండు మంది సభ్యులం అనుకోండి. పది ఇళ్ళకు నెలకు 8 వేలు వస్తుంది. ఒక ఇంటికి రొయ్యల చెరువు మీద 1 లక్ష 40 వేలు వస్తుంది. సగటు తీస్తే 20 వేలు! అంత డబ్బు ఆ పది ఇళ్ళలో ఎవరూ కళ్ళ చూడలేదు. అదే తక్కువ నుంచి ఎక్కువకు వరసగా రాసి నడిమి ఇంటిని, అంటే ఆరో ఇంటిని చూస్తే 8 వేలు. పదో తరగతి లెక్కల్లో చదివిన మధ్యగతం ఇదే. మామూలు ఇల్లు ఎలా ఉందో చెప్పేది ఈ అంకె.

ఇక పాత రోజులతో పోల్చడం. మన కొత్తపట్నం ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో చీరాల వైపు మండలాలు బాపట్ల జిల్లాలోకి పోయాయి. కాబట్టి నాటి జిల్లా అంకెను నేటి జిల్లా అంకెతో పోలిస్తే ఒకే చోటును పోల్చినట్టు కాదు. ఊరు మాత్రం ఎక్కడికీ పోదు. కొల్లూరు దగ్గర అనంతవరంలో 1974లో పుచ్చలపల్లి సుందరయ్య గారు సర్వే చేశారు. 2005లో పరిశోధకులు మళ్ళీ అదే ఊరికి వెళ్ళి ఇంటింటికీ తిరిగి అడిగారు. అలా అడిగితేనే ఇళ్ళను వరసలో పెట్టగలం.

ప్రభుత్వం వాళ్ళూ ప్రయత్నించారు. జాతీయ నమూనా సర్వే వాళ్ళు 1950లలో, 1960లలో ఇంటి ఆదాయం అడిగి చూశారు. 1983-84లో ఇంకోసారి చూశారు. జనం చెప్పిన ఆదాయం, వాళ్ళ ఖర్చూ పొదుపూ కలిపినదానికన్నా తక్కువ వచ్చింది. అందుకే ఎక్కువగా ఖర్చులే అడుగుతూ వచ్చారు. రైతు ఇళ్ళను మాత్రం విడిగా అడిగారు. దేశం మొత్తం మీద నెలకు సగటున 2003లో 2,115 రూపాయలు, 2012-13లో 6,426 రూపాయలు. మూడింతలు అయిందని సంతోషపడకండి. ఆ పదేళ్ళలో ధరలు కూడా దాదాపు రెండింతలయ్యాయి. నిజంగా పెరిగింది ఒకటిన్నర రెట్లే. అదీ సగటే.

జనం తక్కువ ఎందుకు చెబుతారో నాకు తెలుసు, ఎందుకంటే ఆ పని నేనూ చేశాను. కార్డు సర్వేకు వచ్చినప్పుడు మా గ్రూపులో అందరికీ పది వేల లోపే చెప్పించాను. అప్పు కోసం ప్రణాళిక రాసేటప్పుడు అవే ఇళ్ళకు ఎక్కువ రాశాను. ఒకే ఇల్లు, ఒకే పెన్ను, రెండు అంకెలు. వేట మీద బతికే ఒక అక్కకు పన్నెండు నెలలూ ఒకే ఆదాయమని రాసి, దాన్నిబట్టి కిస్తీ వేశాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలు కిస్తీ కట్టడానికి ఆమె బయట వడ్డీకి తెచ్చింది. పైగా, “నా ఎండు చేపల గంప డబ్బులు ఏ గడిలో రాశావమ్మా?” అని అడిగింది. రెండు లెక్కల్లోనూ రాయలేదు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఒక మాట చెబుతున్నాను. ఇంట్లో ప్రతి నెలా వచ్చింది రాసుకుందాం. కూలి, వేట, పాలు, మిరప కోతలు, గంప అమ్మకం, పెన్షన్ అన్నీ. పెట్టుబడి తీసేద్దాం. ఇంట్లో వాడుకున్న పాలకు, గింజలకు ధర కడదాం. అప్పు తెచ్చిన డబ్బు ఆదాయం కాదు, అది కలపొద్దు. ఏడాది చివర పేరు లేకుండా చీటీ మీద మొత్తం రాసి కుండలో వేద్దాం. కార్డు పోతుందన్న భయం నాకూ ఉంది, అందుకే పేర్లు వద్దంటున్నాను. చీటీలు వరసగా పేర్చి నడిమి అంకెను మినిట్స్ బుక్కులో ఎక్కిద్దాం. నెలవారీ కాగితం మాత్రం ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంచుకుని, కిస్తీ ఏ నెలలో ఎంత కట్టగలరో చెప్పడానికి వాడుకోవాలి.

కేంద్ర గణాంక శాఖ 2026లో ఇంటి ఆదాయాల సర్వే చేస్తామని 2025లో ప్రకటించింది. వాళ్ళ లెక్క వాళ్ళు చేసుకుంటారు. మన లెక్క మన దగ్గర ఉండాలి. వచ్చే మీటింగుకు లీడర్లందరూ ఒక కొత్త నోటుపుస్తకం తెచ్చుకోండి.

ఇట్లు
మీ గ్రూపు లీడరు, కొత్తపట్నం